గోపాలన్ గారి జొన్న పరిశోధన: లూసిన్ సంగతి ఎవరైనా వివరిస్తారా?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ గారి మీద పది నిమిషాలు మాట్లాడాలట. జీవిత విశేషాలు దొరికాయి: 1918లో సేలంలో పుట్టారు, ఆయన పనిచేసిన కూనూరులోని పోషకాహార ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కి మారింది, అదే మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. ఆ తర్వాత ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధిపతి అయ్యారు. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు.

చిక్కంతా పెల్లాగ్రా దగ్గర వచ్చింది. ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ, ముంజేతుల మీద, చర్మం నల్లగా మాడినట్టయి పొలుసులు లేచే జబ్బు. నయాసిన్ (బి3 విటమిన్) లోపంతో వస్తుంది. మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన చోట ఎందుకొస్తుందో అర్థమైంది: అందులో ట్రిప్టోఫాన్ (ఒంట్లో నయాసిన్‌గా మారే అమైనో ఆమ్లం) తక్కువ, ఉన్న నయాసిన్ కూడా ఒంటికి సరిగా అందదు. కానీ దక్కన్‌లో జొన్న తినే పేదలకీ ఈ జబ్బు వచ్చేది. జొన్నలో ట్రిప్టోఫాన్ మరీ అంత తక్కువేం కాదు కదా! జొన్నలో లూసిన్ (ఇదీ ఓ అమైనో ఆమ్లమే) ఎక్కువ ఉండటమే కారణమని గోపాలన్, శ్రీకాంతియా గార్లు 1960లో ప్రతిపాదించారు.

లూసిన్ ఎక్కువైతే నయాసిన్‌కి అడ్డుపడేది ఎక్కడ? తర్వాత కొందరు దీన్ని ఒప్పుకోలేదని కూడా చదివాను. బయోకెమిస్ట్రీ తెలిసినవాళ్లు పిల్లలకి అర్థమయ్యేలా చెప్పండి, ప్లీజ్. నేను చదివింది కామర్స్, అమ్మాయి ప్రశ్నలకి నాకే టెన్షన్ వస్తోంది. సోమవారమే మాట్లాడాలి.