డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి: పని నేర్పుతోందా, సర్టిఫికెట్ కొనిపిస్తోందా?

పలాస కామర్స్ మాస్టారు:
ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు కదా. మొదటి ఏడాది అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలల ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టర్ మొత్తం బయటే. ఇది ఎత్తేస్తే మంచిదని నాతో పనిచేసేవాళ్లే చాలామంది అంటున్నారు. నేను వద్దంటాను.

బీకాం పిల్లల సంగతే చూడండి. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు వేయడం వస్తే చాలు, ఏదో ఒక షాపులో ఉద్యోగం దొరికేది. ఇప్పుడు బిల్లింగ్ సాఫ్ట్‌వేరే ఆ పని చాలావరకు చేసేస్తోంది. మనిషికి మిగిలింది వేరే పని. జీడిపప్పు వ్యాపారి కొన్న సరుకు బిల్లు జీఎస్టీఆర్-2బీలో, అంటే అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే లిస్టులో, కనబడకపోతే అతనికి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గింపు, రాదు, అప్పుడు ఎవరి దగ్గర తేడా వచ్చిందో వెతకాలి, అమ్మినవాడికి ఫోన్ చేసి గొడవ పడకుండా సరిచేయించాలి, ఇటు మన వ్యాపారికి అర్థమయ్యేలా చెప్పాలి. ఇది నేను బోర్డు మీద రాసి నేర్పలేను. ఆడిటర్ గారి పక్కన కూర్చుంటేనే వస్తుంది.

ఫైనలియర్ బీఎస్సీ:
సర్, మీరు చెప్పే ఆడిటర్ మా ఊళ్లో లేరు. మాది మండల కేంద్రం, కాలేజీ చుట్టుపక్కల ఉన్నవి ఒక బ్యాంకు, ఎరువుల షాపులు, మీసేవ. క్లాసులో అందరికీ ఇంటర్న్‌షిప్ ఎక్కడ దొరుకుతుంది? మా కాలేజీ వాళ్లే ఒక ఆన్‌లైన్ సంస్థ లింక్ పంపి అందులో చేరమన్నారు, డబ్బు కట్టాం, వీడియోలు ప్లే చేసి వదిలేశాం, సర్టిఫికెట్ వచ్చింది, మార్కులు పడ్డాయి. రిపోర్టు సీనియర్ల దగ్గర తీసుకుని పేర్లు మార్చాం. ఆ టైములో రైల్వే పరీక్షకి చదువుకున్నా ఉపయోగం ఉండేది. మా నాన్న కూలికి వెళ్లి తెచ్చిన డబ్బు సర్, అది.

ఇద్దరు ఆడపిల్లల అమ్మ:
బాబు చెప్పింది నిజం. మా పెద్దమ్మాయికి శ్రీకాకుళంలో దొరికింది గానీ రోజూ బస్సులో వెళ్లి రావడం, సాయంత్రం చీకటి పడితే ఇంట్లో అందరికీ టెన్షన్. పైసా ఇవ్వలేదు, పైగా భోజనం ఖర్చు మాదే. అయినా ఒకటి చెప్పాలి, మొదటి ఏడాది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు సర్వే కోసం ఇంటింటికీ తిరిగాక ఆ పిల్లలో మార్పు వచ్చింది. అంతకుముందు పెద్దవాళ్ల ముందు నోరు విప్పేది కాదు. ఇప్పుడు పింఛను రానివాళ్లు మా ఇంటికొచ్చి దాన్నే అడుగుతున్నారు.

హైదరాబాద్ రిక్రూటర్:
కంపెనీల వైపు నుంచి చెప్తున్నాను. రెజ్యూమెలో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా మేం పట్టించుకోం, "అక్కడ నువ్వేం చేశావ్" అనే అడుగుతాం. చిన్న చిన్న కోడ్ ఏఐతో రాయించుకుంటున్న రోజుల్లో కొత్తగా వచ్చినవాళ్లకు ఒకప్పుడు ఇచ్చిన పనులే ఇవ్వలేం. ఎదుటివాళ్ల అవసరం కనుక్కోగలరా, వచ్చిన జవాబు తప్పో ఒప్పో చూసుకోగలరా, అదే మాకు కావాలి. అమ్మా, మీ అమ్మాయి చేసిన పింఛన్ల పని రెజ్యూమెలో పైన రాయించండి, ఊరికే అనడం లేదు.

పలాస కామర్స్ మాస్టారు:
తమ్ముడూ, నీ కోపం న్యాయమే. డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ ఇవ్వడం మోసం, అందులో మా లెక్చరర్ల బాధ్యత కూడా ఉంది, ఎందుకంటే ఇంటర్న్‌షిప్‌లో రోజూ ఏం చేశారో రాసే లాగ్‌బుక్ మీద సంతకం పెట్టేది మేమే. కానీ దానికి మందు ఇంటర్న్‌షిప్ తీసేయడం కాదు. ఊళ్లో కంపెనీ లేకపోతే ఊరినే పని చోటు చేయాలి. సహకార సొసైటీ లెక్కలున్నాయి, పీహెచ్‌సీ ఉంది, ఎరువుల షాపు స్టాకు రిజిస్టరుంది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్నేళ్లుగా ఉందో అందరికీ తెలుసు, కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చలేదు. కెమిస్ట్రీ చదివే పిల్లలు ఏ ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో రాసుకుని, శాంపిళ్లు తెచ్చి కాలేజీ ల్యాబులో ఫ్లోరైడ్, నీటి కఠినత్వం పరీక్షించి ఫలితం పంచాయతీకి ఇవ్వొచ్చు. జబ్బుకి కారణం కనిపెట్టేస్తారని కాదు. పద్ధతిగా అడగడం, కొలవడం, కొలిచింది ఉన్నదున్నట్టు చెప్పడం వస్తుంది. రేపు ఏ ఉద్యోగానికి మారినా అది పనికొస్తుంది, ఉద్యోగం లేకపోయినా ఊరికి పనికొస్తుంది. రిపోర్టు కాపీ కొట్టే వీలు కూడా ఉండదు, పక్క ఊరి నీళ్ల లెక్క ఈ ఊరికి సరిపోదు కదా.

ఫైనలియర్ బీఎస్సీ:
నీళ్ల పరీక్ష అంటే నేనూ చేసేవాణ్ని సర్, ఎవరూ చెప్పలేదు. కానీ డబ్బు సంగతి వదలొద్దు. 1961 అప్రెంటిస్ చట్టం కింద తీసుకుంటే స్టైపెండ్ ఇచ్చి తీరాలి. మమ్మల్ని ఇంటర్న్ అంటే ఇవ్వక్కర్లేదు. 2024లో కేంద్రం ఇంటర్న్‌షిప్ పథకం తెచ్చినప్పుడు నెలకి 5,000 పెట్టారు, అది రెగ్యులర్‌గా కాలేజీలో చదివేవాళ్లకి వర్తించదన్నారు. సెమిస్టర్ మొత్తం ఊరికే పనిచేయమంటే ఉన్నవాళ్లు విశాఖలో రూమ్ తీసుకుని నేర్చుకుంటారు, మాలాంటోళ్లు సర్టిఫికెట్ కొనుక్కుంటారు. బస్సు ఛార్జీ, భోజనం ఖర్చు అయినా ఇవ్వనప్పుడు తప్పనిసరి అనకూడదు. ఈ విషయంలో మీతో ఒప్పుకోను.

పలాస కామర్స్ మాస్టారు:
ఖర్చులు ఇవ్వాలన్న దగ్గర నేనూ నీ వైపే. ఇష్టమైతేనే చేయండి అంటే మాత్రం భయం నాకు. ముందు ఇంట్లో ఆపేది ఆడపిల్లల్నే.

ఇద్దరు ఆడపిల్లల అమ్మ:
అది మాత్రం నిజం మాస్టారూ. కాలేజీ రూల్ అని చెప్పబట్టే మా ఆయన పంపారు. చిన్నది ఇప్పుడు బీకాం రెండో ఏడాది, వేసవిలో చేయాలి. టెక్కలి, పలాస వైపు ఆడవాళ్లు కూడా పనిచేసే ఆడిటర్ ఆఫీసులు మీకు తెలిస్తే చెప్పండి, మేమే వెళ్లి అడుగుతాం.