టోక్యో నేపథ్యంలోని సినిమాలో జపనీస్ మాటలకు అర్థం కావాలి

సోఫియా కొప్పోలా దర్శకత్వంలో 2003లో వచ్చిన ‘లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ను మొన్న చూశాను. నడక మందకొడిగా ఉన్నా, హోటల్ కిటికీలోంచి రాత్రిపూట కనిపించే టోక్యో దీపాల కోసమైనా చూడదగ్గ సినిమా అన్నది నా అభిప్రాయం. నా ఇబ్బందల్లా ఒక్క సన్నివేశంతోనే.

మొదటి పావుగంటలోనే వచ్చే విస్కీ ప్రకటన చిత్రీకరణలో, గ్లాసు పట్టుకుని కూర్చున్న నటుడు బిల్ ముర్రేకు జపనీస్ దర్శకుడు గుక్కతిప్పుకోకుండా ఏదో వివరిస్తాడు. దుభాషి మాత్రం కెమెరా వైపు తిరిగి చూడమంటున్నారని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అంతేనా అని ఆయన అడిగినప్పుడు నాకూ అదే సందేహం కలిగింది.

ఇంగ్లీష్ సబ్‌టైటిళ్లు ఆపి మళ్లీ పెట్టాను, టీవీ బదులు ఫోన్‌లో చూశాను, చివరికి మరోచోట డబ్బు కట్టి అద్దెకు కూడా తీసుకున్నాను. ఇంగ్లీష్ సంభాషణలన్నీ తెరమీద పడుతున్నాయి గానీ ఆ దర్శకుడి మాటలకు మాత్రం ఏమీ రావడం లేదు. అనువాద యాప్‌ను స్పీకర్ దగ్గర పెడితే ‘నెమ్మదిగా’, ‘కెమెరా’ వంటి పొడి మాటలే దొరికాయి. నటుడి అయోమయం మనకూ అంటాలని కావాలనే వదిలేశారనిపిస్తోంది, అయినా కుతూహలం తీరడం లేదు.

జపనీస్ తెలిసినవారెవరైనా, ఆ దర్శకుడు అసలు ఏమంటున్నాడో తెలుగులో చెప్పగలరా?