‘క్షీణా నరా’నా, ‘క్షీణా జనా’నా?

కాకిలెక్క: ఉగ్రవాదానికి మూలకారణాల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఎత్తుగడగా పంచతంత్రంలోని ‘బుభుక్షితః కిం న కరోతి పాపం’ (ఆకలిగొన్నవాడు ఏ పాపం చెయ్యడు?) శ్లోకం పెడదామని కూర్చుంటే రెండో పాదం దగ్గర ఆగిపోయాను. ‘క్షీణా నరా నిష్కరుణా భవంతి’ (క్షీణించినవాళ్లు దయలేనివాళ్లవుతారు) అనా, ‘క్షీణా జనా’ అనా? నరా అని బట్టీ పట్టినట్టే గుర్తు. చిన్నయసూరి తెలుగు పంచతంత్రంలో వెతికితే దొరకలేదు.

యతిభంగం: సూరిలో ఎలా దొరుకుతుంది మాస్టారూ? ఆయన మిత్రలాభం, మిత్రభేదంతో ఆపేశారు. ఇది నాలుగో తంత్రం, లబ్ధప్రణాశంలోది. రెండు పాఠాలూ వాడుకలో ఉన్నాయి. నరా అన్నా జనా అన్నా లఘువు, గురువే. ఇంద్రవజ్ర ఛందస్సు ఈ తగువు తీర్చదు.

గసడదవాదేశం: గణాలకి ఒకటే, వ్యాసానికి కాదు. నరుడంటే విడి మనిషి, జనమంటే సమూహం. 2003లో క్రూగర్, మలెచ్కోవా అనే పరిశోధకులు వేసిన లెక్క ఉంది: చనిపోయిన 129 మంది హిజ్బుల్లా పోరాటగాళ్లలో పేదలు 28 శాతమైతే, లెబనాన్ జనాభాలో 33 శాతం. అంటే తుపాకి పట్టిన నరుడికి తిండి ఉంది. తన జనానికి అన్యాయం జరిగిందన్నది అతని మంట. నా ఓటు జనాకే.

యతిభంగం: నరాః కూడా బహువచనమేనండీ! ముడి అక్కడ కాదు, ‘క్షీణ’లో ఉంది. దరిద్రాః అనలేదు చూడండి. క్షీణులంటే పుట్టుపేదలు కారు, ఉన్నది తరిగిపోయినవాళ్లు. క్షీణించేది పున్నమి చంద్రుడే, అమావాస్యకి తరగడానికేముంది? రాజనీతి శాస్త్రవేత్త టెడ్ గర్ 1970లో చెప్పిందీ దాదాపు ఇదే. తమకి రావాలనుకున్నదానికీ చేతికొచ్చినదానికీ మధ్య ఎడం పెరిగినకొద్దీ హింస దగ్గరపడుతుందని. పట్టా ఉండి పని దొరకనివాడూ, నిన్నటిదాకా పెత్తనం చేసి ఇవాళ గుమ్మం బయట నిలబడ్డ వర్గమూ, వీళ్లూ క్షీణులు.

కాకిలెక్క: మరి మొదటి పాదంలో బుభుక్షితః? ఆకలి ఆకలేగా?

గసడదవాదేశం: ‘భుజ పాలనాభ్యవహారయోః’. అంటే బుభుక్షకి మూలమైన ‘భుజ’ ధాతువుకి అర్థం తినడమే కాదు, ఏలడం కూడా. బుభుక్షలో రాజ్యకాంక్ష లేదని ఎవరనగలరు? రాజకీయ కారణం శ్లోకంలోనే దొరికింది!

యతిభంగం: లాగుతున్నారు. పాలనార్థంలో భునక్తి, తినడమైతే భుంక్తే. పాణిని సూత్రం ‘భుజోఽనవనే’ మరిచారా? ‘బుభుక్షితః’ లాంటి క్తాంతంలో ఆ తేడా కనబడదు కాబట్టి తప్పించుకున్నారు.

పాతచింతకాయ: క్షీణ అనగానే శ్రీశ్రీ. ‘పతితులార, భ్రష్టులార’ అన్నాడు గానీ పేదలారా అనలేదు. రెండూ జారిపడినవాళ్ల మాటలే. ఆ వెంటనే ‘బాధాసర్పదష్టులార’, బాధ అనే పాము కాటేసినవాళ్లు. మన శ్లోకం కథలోలాగే అక్కడా పామే! ఆ ఒక్క సమాసం మీద ఒక సాయంత్రమంతా మాట్లాడొచ్చు.

ఒట్టిపాఠకురాలు: పాము మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. శ్లోకం ఎవరి నోట వస్తుందో ఎవరూ అనరేం? కప్పలరాజు గంగదత్తుడు. దాయాదుల మీద కసితో ప్రియదర్శనుడనే పాముని తనే పిలిచి, బావిలోకి దారి చూపించి, తొర్రలో కాపురం పెట్టించాడు. దాయాదులు అయిపోయాక పాము కదలనంది. ఇతని బలగాన్ని తింది, కొడుకు యమునదత్తుణ్ణీ మింగింది. అప్పుడు బయటపడి, పాము పంపిన ఉడుముతో చెప్పించిన మాట ఇది. తెచ్చిపెట్టిన తప్పు ఎత్తకుండా పాము ఆకలి మీద శ్లోకం! 1980ల్లో సోవియట్ సేనల మీదికి అఫ్గాన్ ముజాహిదీన్లకి అమెరికా, పాకిస్తాన్ ఆయుధాలిచ్చాయి. 1989లో ఆ సేనలు వెళ్లిపోయినా తుపాకులు వెళ్లలేదు. మూలకారణాల వ్యాసాల్లో పేదరికానికి పేజీలుంటాయి, ఈ బావికి ఒక పేరా.

గసడదవాదేశం: అందుకే జనా అన్నాను.

యతిభంగం: దీనికీ దానికీ ఏమిటండీ సంబంధం? అన్నట్టు మూడో పాదంలో ‘భద్రే’ కదా. ఆ పిలుపు ఉడుముకి; సంస్కృతంలో ఉడుము, అంటే గోధా, స్త్రీలింగం. ‘భద్ర’ అన్నా తర్వాత ‘ప్రి’ ఉంది కాబట్టి గురువే. ఛందస్సు ఇక్కడా చేతులెత్తేసింది.

కాకిలెక్క: ఉడుము సంగతి తర్వాత. నరానా, జనానా? వ్యాసం రేపు ఇవ్వాలండీ.

పాతచింతకాయ: ‘బాధాసర్పదష్టులార’ పెట్టెయ్యండి.