"మాజీ కాంగ్రెస్ జిల్లా" అంటే తెలుగులో ఏమర్థమవుతుంది?

అందరికీ నమస్కారం. ఒక మాట విషయంలో మీ సలహా కావాలి. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేం అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ పక్కన క్విన్సీలో ఉంటాం (ఇక్కడివాళ్లు క్విన్‌జీ అని పలుకుతారు). అమ్మకు అరవై దాటాయి, గ్రీన్ కార్డు వచ్చి పదిహేనేళ్లు నిండాయి. 55 ఏళ్లు దాటి, గ్రీన్ కార్డుతో 15 ఏళ్లు ఇక్కడ ఉన్నవాళ్లు పౌరసత్వ పరీక్షలో ప్రశ్నలకు సొంత భాషలో, దుబాసీ సాయంతో జవాబు చెప్పొచ్చు. అందుకని మా ఇంట్లో రోజూ సాయంత్రం తెలుగులోనే చదువు. అమెరికా ప్రతినిధుల సభలో మీ ప్రతినిధి ఎవరు అనేది అందులో ఒక ప్రశ్న. దాని గురించి ఇంకాస్త తెలుసుకుందామని అమ్మ ఫోన్‌లో ఏదో పేజీని తెలుగులోకి మార్చుకుంది. పైన ఇలా ఉంది: "మసాచుసెట్స్ మాజీ 11వ కాంగ్రెస్ జిల్లా ప్రతినిధులు."

"ఇదేంట్రా, కాంగ్రెస్ వాళ్లు ఇక్కడ కూడా ఉన్నారా? వీళ్లంతా జిల్లా అధ్యక్షులా?" అని అడిగింది.

అమ్మ అలా చదవడంలో తప్పేమీ లేదు. ఆ వాక్యాన్ని మనలో ఎవరు చదివినా అలాగే అర్థం చేసుకుంటారు. కాంగ్రెస్ అంటే మనకు పార్టీ. జిల్లా అంటే కలెక్టరు ఉండేది. మాజీ అంటే పదవి పోయిన మనిషి. ఒక్కో మాటా మనకు తెలిసిందే, కానీ మూడూ కలిస్తే అసలు సంగతి ఎక్కడా లేదు. ఇంగ్లీషులో అది "కాంగ్రెషనల్ డిస్ట్రిక్ట్". ఇక్కడ కాంగ్రెస్ అంటే మన పార్లమెంటు లాంటిది, డిస్ట్రిక్ట్ అంటే ప్రతినిధుల సభకు ఒక సభ్యుణ్ని ఎన్నుకునే ప్రాంతం. పేజీలో ఉన్నది మసాచుసెట్స్ 11వ సీటు నుంచి ఆ సభకు వెళ్లినవాళ్ల జాబితా. 1993 నుంచి ఆ సీటే లేదు.

నేను "రద్దయిన 11వ నియోజకవర్గం" అని రాసిచ్చాను. సరిపోయిందా? ఇంతకంటే మంచి మాట ఉందా?

వ్యాఖ్య: నియోజకవర్గం బాగానే ఉంది. కానీ అమెరికాలో వాడే డిస్ట్రిక్ట్ అనే మాటకు ప్రాంతం అనే అర్థం కదా. నియోజకవర్గంలో ప్రాంతం ఎక్కడుంది?

నా జవాబు: మంచి ప్రశ్న అడిగారు మాస్టారూ. నాకూ ఇదే పట్టుకుంది. నియోజకులంటే నియమించేవాళ్లు, వర్గమంటే గుంపు. కాబట్టి నియోజకవర్గం అంటే తమ ప్రతినిధిని నియమించుకునే జనం. మాట ప్రకారం అది నేల కాదు, మనుషులు. హిందీవాళ్లు నిర్వాచన్ క్షేత్ర్ అంటారు, అంటే ఎన్నిక జరిగే చోటు. మలయాళంలో నియోజకమండలం. మొదటి సగం మనదే, రెండో సగం ప్రాంతాన్ని చెబుతుంది. మనం మండలం అంటే తహసీల్దారు ఆఫీసు గుర్తొస్తుంది కాబట్టి అది మనకు కుదరదు.

ఈ 11వ నంబరు చరిత్ర చూశాక మన మాట మీద నాకు గౌరవం పెరిగింది. మా ఊరి మనిషి జాన్ క్విన్సీ ఆడమ్స్ సంగతే చూడండి. 1829లో అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిపోయాడు. అంతటి పదవి చేసినవాడు మళ్లీ పోటీ చేసి 1831లో మామూలు సభ్యుడిగా ప్రతినిధుల సభకు వెళ్లాడు. అప్పుడు ఆయన సీటు 11వది. 1833 నుంచి 12వది. 1843 నుంచి 8వది. ఆయన ఇల్లు మారిందా? లేదు, క్విన్సీలోనే. జనాభా లెక్కలు అయిన ప్రతిసారీ రాష్ట్రానికి వచ్చే సీట్లు తగ్గుతూ పోయాయి. 13 సీట్లు 12 అయ్యాయి, ఆ తర్వాత 10. దాంతో అంకెలు జరిగాయి. పదే సీట్లున్నప్పుడు 11వది ఎలా ఉంటుంది?

ఆయన అక్కడ చేసిన పని గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. బానిసత్వానికి వ్యతిరేకంగా జనం పంపే అర్జీలను సభలో చర్చకే రానివ్వకూడదని 1836లో నిబంధన పెట్టారు. ముసలాయన ఎనిమిదేళ్లు దాని మీద పోరాడి 1844 చివర్లో ఎత్తివేయించాడు. 1848 ఫిబ్రవరి 21న సభలోనే కుప్పకూలి, రెండు రోజులకు ఆ భవనంలోనే కన్నుమూశాడు. మూడు అంకెల కింద పనిచేశాడు, కానీ ఆయన్ని పంపింది ఆ చుట్టుపక్కల జనమే. దీన్ని చెప్పడానికి నియోజకవర్గం కంటే సరైన మాట నాకు కనబడలేదు.

వ్యాఖ్య: తమ్ముడూ, "మాజీ" ఎందుకు కుదరదు? మాజీ సైనికులు అంటాం కదా.

నా జవాబు: సైనికులు మనుషులే కదా అక్కా! మాజీ ఉర్దూ నుంచి మనకొచ్చింది. అక్కడ గడిచిన కాలం అని దాని అర్థం. మనం మాత్రం దాన్ని మనుషులకే అంటగట్టుకున్నాం. మాజీ మంత్రి, మాజీ సర్పంచ్. మాజీ బడి, మాజీ చెరువు అని ఎవరూ అనరు. వస్తువుకైతే పాత, చోటుకైతే ఒకప్పటి, పూర్వపు అంటాం. మాజీ నియోజకవర్గం అంటే ఆ నియోజకవర్గమే ఎన్నికల్లో ఓడిపోయినట్టుంటుంది.

వ్యాఖ్య: మా కరీంనగర్ వైపు 2016 తర్వాత "ఉమ్మడి జిల్లా" అంటున్నాం. "ఉమ్మడి 11వ నియోజకవర్గం" అంటే?

నా జవాబు: ఇది నాకు తట్టలేదు అన్నా, చాలాసేపు ఆలోచించాను. ఉమ్మడి మంచి మాట. ఉమ్మడి కుటుంబంలోంచి వచ్చింది కాబట్టి విడిపోయినవాళ్లు కళ్లముందే ఉన్నారని చెబుతుంది. ఉమ్మడి కరీంనగర్ అనగానే జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల గుర్తొస్తాయి. కానీ 11వది పంపకాలు జరిగి విడిపోయింది కాదు. 1990 జనాభా లెక్కల తర్వాత మసాచుసెట్స్ సీట్లు 11 నుంచి 10కి తగ్గాయి. రాష్ట్రం గీతలన్నీ మళ్లీ గీసింది, చివరి అంకె పోయింది. మా క్విన్సీ 10వ దాంట్లోకి వెళ్లింది. 2013లో సీట్లు తొమ్మిదికి తగ్గి ఆ 10వది కూడా పోయింది. కాబట్టి నా ఓటు ఇప్పటికీ "రద్దయిన"కే.

ఇక్కడ మన భాషలో ఒక ఇబ్బంది కూడా ఉంది. పత్రికలు రెండు వేర్వేరు పనులకు "పునర్విభజన" అనే ఒక్క మాటే వాడుతున్నాయి. మొత్తం 435 సీట్లలో ఏ రాష్ట్రానికి ఎన్ని అన్నది ఒక పని. రాష్ట్రం లోపల గీతలు ఎక్కడ గీయాలన్నది ఇంకో పని. మొదటిది పదేళ్లకోసారి జనాభా లెక్కల ప్రకారం అంకెలతో తేలిపోతుంది. గొడవలన్నీ రెండోదాంట్లోనే. మొదటిదాన్ని సీట్ల కేటాయింపు అని, రెండోదాన్ని మాత్రమే పునర్విభజన అని రాస్తే ఎంత తేటగా ఉంటుంది!

వ్యాఖ్య: గీతల గొడవ అంటే గుర్తొచ్చింది, జెర్రీమాండరింగ్ అనాలా, గెర్రీమాండరింగా?

నా జవాబు: ఆ మాట కూడా ఈ రాష్ట్రంలోనే పుట్టింది. 1812లో గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ సంతకం పెట్టిన పటంలో ఒక రాష్ట్ర సెనేట్ స్థానం వంకర్లు పోయి సాలమాండర్ అనే బల్లిలాంటి జంతువులా ఉందని పత్రికలో బొమ్మ వేశారు. రెండు పేర్లూ కలిపి మాట కట్టారు. ఆయన ఇంటిపేరును "గ"తోనే పలికేవారు. ఇప్పుడు అమెరికాలో ఎక్కువమంది "జ"తో పలుకుతున్నారు. అర్థం తెలియాలంటే "హద్దులు తమకు అనుకూలంగా గీసుకోవడం" అని పక్కన ఒక్కసారి రాస్తే చాలు.

వ్యాఖ్య: ఆ జాబితాలో కెనడీ పేరు కూడా ఉందా? ఆయనదీ 11వదే అని చదివాను.

నా జవాబు: ఉంది, ఆయనదీ 11వదే. 1946లో గెలిచి 1947 నుంచి 1953 దాకా ఉన్నాడు. గెలిచినప్పుడు 29 ఏళ్లు. అంతకుముందు ఆ సీటు జేమ్స్ మైకేల్ కర్లీది. ఆయన బోస్టన్ మేయరుగా వెళ్లడంతో ఖాళీ అయింది. కానీ జాగ్రత్తగా చూడండి, ఇది రాష్ట్రానికి సీట్లు మళ్లీ పెరిగాక వచ్చిన 11వది, ఆడమ్స్ 11వది కాదు. ఆడమ్స్‌ది బోస్టన్‌కు దక్షిణాన సముద్రం ఒడ్డున. కెనడీది కేంబ్రిడ్జి, చార్లెస్‌టౌన్, ఈస్ట్ బోస్టన్ వైపు. అంకె ఒకటే, జనం వేరు. "11వ నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించిన ఇద్దరు అధ్యక్షులు" అని రాయడం తప్పు కాదు గానీ, ఇద్దరూ ఒకే ఓటర్లను అడిగారని పాఠకుడు అనుకుంటాడు.

కెనడీ సెనేట్‌కు వెళ్లాక టిప్ ఓనీల్ వచ్చాడు, తర్వాత స్పీకర్ అయినాయన. 1963లో ఆయన సీటుకు 8 అనే అంకె వచ్చింది. అంతవరకు 13వ సీటులో ఉన్న జేమ్స్ బర్క్ అప్పుడు 11లోకి వచ్చాడు, 1979 దాకా ఉన్నాడు. అలా 11 మళ్లీ దక్షిణం వైపు వచ్చింది. ఆఖరివాడు బ్రయన్ డొనెలీ, 1979 నుంచి 1993 దాకా. 1986 వలస చట్టంలో ఐర్లండ్ లాంటి దేశాలవాళ్లకు దారి తెరిచిన డొనెలీ వీసాలు ఆయన పేరు మీదవే. తర్వాత వచ్చిన గ్రీన్ కార్డు లాటరీకి అదే మొదలు. ఆ దేశాల్లో మనది లేదు.

వ్యాఖ్య: ఇవన్నీ సరే, అమ్మగారికి ఏం చెప్పారు చివరికి?

నా జవాబు: అసలు సంగతి అదే అక్కా. ఇంత చర్చ చేసి వెళ్లి "రద్దయిన నియోజకవర్గం అమ్మా" అన్నాను. "ఓ, మన హనుమకొండ సీటు లెక్కనా?" అంది.

నాకు వెంటనే వెలగలేదు. అమ్మ మొదటి ఓటు 1984లో, ఇరవై ఒక్కేళ్లు నిండాక. హనుమకొండ లోక్‌సభ సీటు. 1977లో, 1980లో అక్కడ పీవీ నరసింహారావు గారు గెలిచారు. అమ్మ ఓటేసిన ఏడు చందుపట్ల జంగారెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. 2008 పునర్విభజనలో హనుమకొండ, సిద్దిపేట, మిర్యాలగూడ, తెనాలి, బొబ్బిలి లాంటి పేర్లు లోక్‌సభ జాబితాలోంచి పోయాయి. మన దగ్గర సీటుకు ఊరి పేరుంటుంది కాబట్టి పోయినా జనం నోట్లో ఉంటుంది. అమ్మ ఇప్పటికీ "పీవీ గారి సీటు" అంటుంది. ఇక్కడ అంకె పోతే పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

అన్నట్టు, అమ్మ నియోజకవర్గం అనదు, సీటు అంటుంది. "హనుమకొండ సీటు పోయి వరంగల్‌లో కలిసింది, అట్లనే ఇదీ." నేను రాసిచ్చిన కాగితంలో ఇప్పుడు ఇలా మార్చాను: "మసాచుసెట్స్ 11వ ప్రతినిధుల సభ సీటు. 1993లో రద్దయింది." కాంగ్రెస్ లేదు, జిల్లా లేదు, మాజీ లేదు.

తర్వాత "మరి మనది ఇప్పుడు ఎన్నో నంబరు?" అని అడిగింది. ఎనిమిది అన్నాను. "ఆ ముసలాయన పోయేనాటికి ఉన్నదీ ఎనిమిదే కదా" అని పెన్ను తీసుకుని కాగితం మీద రాసుకుంది.