పౌర్ణమి చంద్రుడికి లాంబర్ట్ నియమం వర్తిస్తుందా?

వెన్నెలదారి: యానిమేషన్ సీన్ కోసం చంద్రుణ్ణి గోళంగా పెట్టి లాంబర్ట్ నియమంతో (మెరుపులేని ఉపరితలం ఎటు నుంచి చూసినా ఒకే ప్రకాశంతో కనబడుతుందనే సూత్రం) నడిచే మామూలు డిఫ్యూజ్ మెటీరియల్ ఇచ్చాను. నడుమ ప్రకాశంగా ఉండి అంచులు మసకబారుతున్నాయి. ఆకాశంలో పౌర్ణమి చంద్రుడేమో అంచు దాకా పళ్లెంలా ఒకే వెలుగుతో ఉంటాడు. నియమం తప్పా, నా లెక్క తప్పా?

కొలమానం: ముందు లెక్క చూడండి. పరావర్తన గుణకాన్ని (పడిన వెలుగులో తిరిగి వచ్చే వంతును) ‘పై’ (π)తో భాగించారా? అర్ధగోళం కదా అని చాలామంది ‘రెండు పై’ పెడతారు. అన్ని దిక్కులా సమానంగా ఉండేది రేడియన్స్ (ఉపరితలం మనకు కనబడే ప్రకాశం) మాత్రమే. ఏటవాలుగా చూసేకొద్దీ అటు వచ్చే కాంతి తీవ్రత కోణం కొసైన్ ప్రకారం తగ్గుతుంది, కనబడే వైశాల్యం కూడా అంతే తగ్గుతుంది. అందుకే వెల్ల వేసిన గోడ ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. ఆ కొసైన్‌ను అర్ధగోళమంతా కూడితే వచ్చేది ‘పై’. లాంబర్ట్ 1760లో చెప్పిన మాట ఇది. కాంతి కొలతల్లో ప్రమాణంగా వాడే స్పెక్ట్రాలాన్ అనే తెల్లటి పలక ఇప్పటికీ దాదాపు అలాగే నడుచుకుంటుంది.

నిశిచారి: పలక సంగతి సరే, చంద్రుడి విషయంలో మాత్రం ఒప్పుకోను. ‘పై’ తప్పితే మొత్తం వెలుగు మారుతుందే గానీ అంచులు మసకబారవు. సూర్యుడు మన వెనకాల ఉన్నప్పుడు లాంబర్ట్ గోళం మీద 60 డిగ్రీల దగ్గర వెలుగు నడుమ ఉన్నదాంట్లో సగం. అంటే మీ మెటీరియల్ చేయాల్సిందే చేస్తోంది, చంద్రుడే వేరు. ఇంకో ఆధారం: లాంబర్ట్ గోళమైతే అష్టమి నాటి అర్ధచంద్రుడు పౌర్ణమిలో దాదాపు మూడో వంతు వెలగాలి. నిజంగా వెలిగేది సుమారు పదో వంతే!

కారణం అక్కడి ధూళి. పౌర్ణమి నాడు మనం సూర్యుడి వైపు నుంచే చూస్తాం కాబట్టి ప్రతి రేణువు నీడా దాని వెనకే దాగిపోతుంది. అష్టమికి ఆ నీడలన్నీ బయటపడతాయి. నేల బాగా నల్లన, పడిన వెలుగులో సుమారు 12 శాతమే తిప్పి పంపుతుంది. అందుకని పక్క రేణువుల వెలుగు నీడల్ని నింపలేదు.

కొలమానం: ఓరెన్, నాయర్ 1994లో ఇచ్చిన గరుకు ఉపరితలాల మోడల్ కూడా లాంబర్ట్ నియమం పాటించే చిన్న చిన్న చదును ముఖాలతో కట్టిందేగా?

నిశిచారి: కట్టిందే. ఒక్కో ముఖం లాంబర్ట్ అయినా, ఒకదాని నీడ ఇంకోదాని మీద పడ్డాక మొత్తం లాంబర్ట్ కాదు. నేననేదీ అదే. వెన్నెలదారి గారూ, చంద్రుడి లాంటి నల్లని ధూళి నేలలకు వాడే లోమెల్–సీలిగర్ సూత్రం పెట్టి చూడండి. అందులో కాంతి పడే కోణం కొసైన్‌ను, అదే కొసైన్‌కు చూసే కోణం కొసైన్ కలిపితే వచ్చే మొత్తంతో భాగిస్తారు. పౌర్ణమికి రెండు కోణాలూ సమానం, కాబట్టి నడుమైనా అంచైనా విలువ సగమే.