ఆరేళ్ల నాటి చర్చలో ఇప్పుడు జవాబు రాయవచ్చా?

తొలకరి (ప్రశ్న):
నా పాత స్కానర్ కొత్త కంప్యూటర్‌తో పనిచేయక నాలుగు రోజులు వెతికిన మీదట, సరిగ్గా ఇదే ఇబ్బందిని వివరిస్తూ ఆరేళ్ల క్రితం ఒకరు అడిగిన ప్రశ్న కంటబడింది. దాని కింద పదకొండు జవాబులున్నాయి. వాటిలో ఏదీ నాకు పనికిరాలేదు. చివరకు ఆ ప్రశ్న అడిగినవారే వచ్చి "సమస్య తీరింది, అందరికీ ధన్యవాదాలు" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయారు. ఎలా తీరిందో మాత్రం చెప్పలేదు. ఆ వాక్యాన్ని ఆ రాత్రి ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. తరువాత తంటాలు పడి, స్కానర్‌ను నడిపే పాత సాఫ్ట్‌వేర్‌ను (డ్రైవర్‌ను) పూర్తిగా తొలగించి, దాన్ని యూఎస్‌బీ 2.0 హబ్ ద్వారా కలిపితే పనిచేస్తుందని నేనే తెలుసుకున్నాను.

దీన్ని ఆ చర్చలోనే రాద్దామని ఉంది. అయితే కిందటేడు మరొకచోట నాలుగేళ్ల నాటి చర్చకు ఒక మాట చేర్చినందుకు మోడరేటర్ "తేదీ చూసుకోండి" అని రాసి దానికి తాళం వేశారు. కొత్తగా అడిగితే ముందు వెతకమంటారు, వెతికి పాతదాంట్లో రాస్తే ఎందుకు తవ్వారంటారు. ఇంతకీ ఎక్కడ రాయాలి?

వాకిలి:
ఆ విసుగుకు కారణం చాలావరకు ఆయా వేదికల అమరికలోనే ఉంది. చివరి జవాబు ఎప్పుడు వచ్చిందన్న దాన్నిబట్టి చర్చలను పేర్చే చోట, మీరు రాసే ఒక్క వాక్యం ఆరేళ్ల నాటి చర్చను మొదటి పేజీకి ఎక్కించి, ఆ రోజు సాయం కోసం ఎదురుచూస్తున్నవారి ప్రశ్నలను కిందికి నెడుతుంది. అప్పట్లో పాల్గొన్నవారికి నోటిఫికేషన్లు వెళ్తాయి. తేదీ గమనించనివారు, ఎప్పుడో స్కానర్‌ను పారేసిన మనిషికి సలహాలు చెప్పడం మొదలుపెడతారు. శవాలను లేపే 'నెక్రోమాన్సీ' అనే మంత్రవిద్య పేరు మీదుగా దీన్ని నెక్రోపోస్టింగ్ అనడం అందుకే.

అదే పనికి మరొకచోట మెచ్చుకోలు దొరుకుతుంది. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్న వచ్చిన 60 రోజుల తరువాత జవాబు రాసి, దానికి 5 పాయింట్ల స్కోరు తెచ్చుకుంటే "నెక్రోమాన్సర్" అనే బ్యాడ్జ్ ఇస్తారు. తిట్టుగా పుట్టిన మాట అక్కడ బిరుదైంది! మీ దగ్గర ఉన్నది నిజమైన పరిష్కారం కనుక, నియమాలు అడ్డురాకపోతే అక్కడే రాయండి. వెతుక్కుంటూ వచ్చేవారు చేరేది ఆ పేజీకే.

కాపలాదారు:
కొంతకాలం మోడరేటర్‌గా పనిచేసినవాడిగా ఒక మాట చెబుతాను. నన్ను ఇబ్బంది పెట్టినవి మీలాంటి జవాబులు కావు, "నాకూ ఇదే సమస్య, ఏమైనా తెలిసిందా?" అనే ఒంటి వాక్యాలు, సద్దుమణిగిన తగాదాలను కెలికే వ్యాఖ్యలు. ఒకసారి ఇద్దరి మధ్య ఎప్పుడో ముగిసిన వాదంలోకి ఐదేళ్ల తరువాత ఒకరు వచ్చి "మీరన్నది తప్పు" అని రాశారు. సాయంత్రానికల్లా ముప్పైమంది పక్షాలు చీలిపోయారు. ఆ తప్పన్నది ఎవరినో ఆయన మూడేళ్లుగా లాగిన్ కూడా కాలేదు. స్కానర్ తన అభిప్రాయాన్ని మార్చుకోదు, మనుషులు మార్చుకుంటారు. అందుకే మనుషుల మధ్య నడిచిన పాత వాదాల విషయంలో నేను కఠినంగానే ఉండేవాణ్ని.

వికీపీడియా పద్ధతి నాకు నచ్చుతుంది. చర్చాపేజీలోని పాత సంభాషణలను భాండాగారంలోకి తరలించాక వాటిలో ఎవరూ రాయరు, అవసరమైతే పాతదానికి లింకు ఇచ్చి కొత్త చర్చ తెరుస్తారు. రకరకాల చర్చా సమూహాలుండే రెడ్డిట్ వేదికలో ఒకప్పుడు ఆరు నెలలు దాటిన పోస్టులన్నిటికీ వ్యాఖ్యలు వాటంతటవే ఆగిపోయేవి, 2021 నుంచి ఆ నిర్ణయాన్ని ఆయా సమూహాలకే వదిలేశారు.

పాతపుట:
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే, రాసే తీరు గురించి ఒక సూచన చేస్తాను. 1995 అక్టోబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే ఇంటర్నెట్ మర్యాదల పత్రం, జవాబు రాసేటప్పుడు అసలు సందేశం సారాంశాన్ని పైన ఇవ్వమనీ, లేదా సందర్భం అర్థమయ్యేంత మేరకు దాన్ని ఉటంకించమనీ చెప్పింది. పాత చర్చకు ఇది మరింత అవసరం. "ఆరేళ్ల క్రితం నాటి ఈ ప్రశ్నకు పరిష్కారం దొరికింది" అని మొదలుపెట్టి, స్కానర్ మోడల్, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ స్పష్టంగా పేర్కొనండి. అప్పటివారిని పేరుపేరునా ట్యాగ్ చేయకండి. చర్చకు తాళం వేసి ఉంటే కొత్తది తెరిచి పాతదాని లింకు పెట్టండి. "తేదీ చూసుకోండి" అన్న మోడరేటర్ కూడా ఆ రెండో దారి చూపించి ఉంటే బాగుండేది.

తొలకరి:
అందరికీ ధన్యవాదాలు. చర్చ తెరిచే ఉంది కనుక అక్కడే రాశాను. మొదటి వాక్యంలోనే కాలాన్ని ప్రస్తావించి, మోడల్, వెర్షన్, డ్రైవర్ తొలగించిన క్రమం, హబ్ సంగతి వరుసగా పెట్టాను. పంపే ముందు, నేను కూడా "తీరింది" అని రాసి ఊరుకోలేదు కదా అని మరోసారి చూసుకున్నాను.