ఫ్రిస్కో నుంచి బెంగళూరుకు: స్కూలు పక్కన ఇంటికి 50 లక్షలు ఎక్కువ పెట్టొచ్చా?

అడిగినవారు: ఒంగోలు వయా డల్లాస్

అందరికీ నమస్కారం. ఆరేళ్ళుగా టెక్సాస్‌లో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్నాం, వచ్చే ఏప్రిల్‌లో బెంగళూరు వచ్చేస్తున్నాం. ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లోని ఐటీపీఎల్ టెక్ పార్కు దగ్గర. పాపకు ఆగస్టులో ఆరు నిండుతాయి. ఇక్కడ ఇల్లు వెతికేటప్పుడు ముందు ఎలిమెంటరీ స్కూలు రేటింగ్ చూస్తాం. పదికి తొమ్మిది ఉంటే ఒక ధర, ఆరు ఉంటే ఇంకో ధర. వైట్‌ఫీల్డ్‌లో పేరున్న స్కూలుకు ఆనుకుని త్రీ బెడ్‌రూమ్ 1 కోటి 90 లక్షలు చెప్తున్నారు. అదే సైజు గుంజూరు వైపు 1 కోటి 40. ఆ 50 లక్షలు స్కూలు కోసమని పెట్టొచ్చా? బెంగళూరులో మాకు ఎవరూ లేరు. పెద్దలు చెప్పండి.

ఏఈసీఎస్ లేఅవుట్ పాతకాపు

తమ్ముడూ, ముందు ఒక మాట. అక్కడ నువ్వు ఇంటితోపాటు స్కూల్లో సీటు కూడా కొంటావు. అడ్రసు ఏ గీతలోపల ఉంటే ఆ బడి, ఇంటిపన్నులో పెద్ద భాగం పోయేది కూడా ఆ స్కూలు డిస్ట్రిక్టుకే. ఇక్కడ ఆ గీత లేదు. ప్రైవేటు స్కూలు గోడకు నీ బాల్కనీ తగులుతున్నా సీటు ఇవ్వాలని రూలేం లేదు. దగ్గరివాళ్ళకు కొందరు ముందు పిలుపు ఇస్తారు. అది వాళ్ళిష్టం, నీ హక్కు కాదు. కాబట్టి ముందు సీటు, తర్వాత అద్దెకు ఇల్లు, ఒక ఏడాది గడిచాక కొనడం. నేను 2009లో వచ్చాను, ఈ వరుస తిరగేసినవాళ్ళ తిప్పలు చాలా చూశాను.

ఇంకోటి, నువ్వు అడగలేదు గానీ చెప్తున్నా. కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్ళు నిండాలి. టెక్సాస్‌లో లెక్క సెప్టెంబరు 1. అంటే అక్కడ ఫస్ట్ గ్రేడ్‌కి సరిపోయే మీ ఆగస్టు పాప ఇక్కడ యూకేజీలో కూర్చుంటుంది. ఇల్లు సంగతి తర్వాత, ఈ మాట పాపకు ఇప్పటినుంచే మెల్లగా చెప్పుకోండి.

సర్జాపూర్ రోడ్డు అమ్మ

పాతకాపు గారు చెప్పింది నిజం. మా కథ వినండి, మాకైన ఖర్చు మీకు మిగులుతుంది.

2018లో స్కూలు కోసమే ఇల్లు కొన్నాం. మా ఐదో అంతస్తు కిచెన్ కిటికీలోంచి ప్రేయర్ గ్రౌండు కనిపించేది. పాప బాటిల్ మర్చిపోతే నేను చెప్పులేసుకుని వెళ్ళి ఇచ్చి, పాలు పొంగేలోపు వచ్చేసేదాన్ని. అంత సుఖం. పక్క వీధికంటే చదరపు అడుగుకు 900 ఎక్కువ పెట్టామన్న బాధ కూడా లేదు.

2023 మార్చి వచ్చింది. ఐదో తరగతికి, ఎనిమిదో తరగతికి రాష్ట్ర బోర్డు మూల్యాంకనం అన్నారు. ఒకసారి కోర్టు రద్దు చేసిందన్నారు, వారం తిరక్కముందే మళ్ళీ ఉందన్నారు. మేం నింపాదిగా ఉన్నాం. మాది సీబీఎస్ఈ కదా, మనకేంటి అని. ఒక సాయంత్రం స్కూలు నుంచి మెసేజ్: మీ అమ్మాయి 27వ తేదీ నుంచి పరీక్ష రాయాలి. ఆ పరీక్ష రాష్ట్ర సిలబస్ స్కూళ్ళకే. అప్పుడు తీసి చూశాను డైరీ అట్ట. పెద్దక్షరాలతో సీబీఎస్ఈ, దాని కింద చీమ కాలంత అక్షరాలతో ‘ప్యాటర్న్’. అంటే పద్ధతి మాత్రమే వాళ్ళది, సీబీఎస్ఈ గుర్తింపు లేదు. అయిదేళ్ళు ఆ అట్టకు నా చేత్తో బ్రౌన్ పేపర్ వేశానండీ!

ఆఫీసు గదికి నలభైమంది తల్లిదండ్రులం వెళ్ళాం. సీబీఎస్ఈ గుర్తింపు (అఫిలియేషన్) నంబరు అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నారు. టీ ఇచ్చారు. నంబరు మాత్రం ఇవ్వలేదు. ఆ జూన్‌కి పాపను వేరే చోట చేర్చాం, తొమ్మిది కిలోమీటర్లు, బస్సు 6:50కి. లోను మాత్రం 2038 దాకా. ఇప్పటికీ కిటికీలోంచి ఆ గ్రౌండు కనిపిస్తూనే ఉంటుంది, నేను కర్టెన్ వేసేశాను.

కాబట్టి రేటింగులు, గూగుల్ చుక్కలు కాదు, సీబీఎస్ఈ వాళ్ళ సారస్ సైట్లో స్కూలు పేరు కొట్టి చూడండి. నంబరు ఉందా, ఏ తరగతి వరకు, ఏ క్యాంపస్‌కి. ఒకే పేరుతో నాలుగు బ్రాంచీలుంటాయి, నంబరు ఒక్కదానికే ఉంటుంది.

అనంతపురం అప్ప, కే ఆర్ పురం

స్కూలు స్కూలు అంటుండారు, ఎవురూ కాగితాల మాట ఎత్తరేమప్పా? ఈ-ఖాతా, అంటే కార్పొరేషనోళ్ళ ఆన్‌లైన్ ఆస్తి రికార్డు, లేకుంటే ఇప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పనే జరగదు. ‘ఏ’ ఖాతానా (సక్రమమైంది), ‘బీ’ ఖాతానా (లొసుగులుండేది) చూడు. ఈసీ, అంటే ఆస్తి మీద అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం, ముప్పై ఏండ్లది తీయించు. రిజిస్ట్రేషన్ ఖర్చు 6.6 శాతం పక్కన పెట్టుకో. ‘ఏ’ ఖాతా ఉంటే ఇంక భయం లేదు.

ఏఈసీఎస్ లేఅవుట్ పాతకాపు

అప్పా, 6.6 పాత లెక్క. 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి నుంచి రెండు శాతం అయింది. స్టాంపు 5, సెస్సు, సర్‌చార్జీ కలిపి 5.6, మొత్తం 7.6. 1 కోటి 90 మీద 14 లక్షల 44 వేలు. 1 కోటి 40 మీద 10 లక్షల 64 వేలు. కాబట్టి తమ్ముడి తేడా 50 లక్షలు కాదు, దాదాపు 54.

‘ఏ’ ఖాతా ఉంటే భయం లేదనడం కూడా తప్పు. ఓసీ, అంటే కట్టడం ప్లాను ప్రకారమే ఉంది, కాపురం ఉండొచ్చు అని ఇచ్చే పత్రం, ఉందా? ఓసీ లేని అపార్ట్‌మెంట్‌కి ఖాతా చూపించి అమ్మేసినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

అనంతపురం అప్ప, కే ఆర్ పురం

ఓసీ ఓసీ అంటే ఈ ఊర్లో సగం బిల్డింగులు కూల్చాల. నా బిల్డింగుకు లేదు. పద్నాలుగేండ్లుగా కరెంటు వస్తాంది, నీళ్ళు వస్తాండయి.

ఏఈసీఎస్ లేఅవుట్ పాతకాపు

నీళ్ళు ట్యాంకర్లో వస్తాంటయి. 2024 ఎండాకాలం మర్చిపోయినట్టున్నావు.

అనంతపురం అప్ప, కే ఆర్ పురం

కావేరీ నీళ్ళ పథకం ఐదో దశ వచ్చె కదా, అదే ఏడు అక్టోబరులో. ఊర్లో కలిసిన 110 పల్లెలకు రోజుకు 77.5 కోట్ల లీటర్లు.

ఏఈసీఎస్ లేఅవుట్ పాతకాపు

పైపు వచ్చింది. నీ బిల్డింగుకు కనెక్షన్ వచ్చిందా?

(అప్ప గారు దీనికి జవాబివ్వలేదు.)

లెక్కల మాస్టారు, కుందలహళ్ళి

మధ్యలో ఒక్క మాట. అమెరికాలో శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో బోస్టన్ శివార్లలో స్కూలు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళ ధరలు పోల్చి చూశారు. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువ వచ్చే బడి వైపు ఇంటికి జనం 2.5 శాతం ఎక్కువ ఇస్తున్నారని తేల్చారు. అక్కడ, గీత కచ్చితంగా ఉన్నచోట, వచ్చిన తేడా అంత. ఇక్కడ గీతే లేదు, బిల్డరేమో దాదాపు 36 శాతం ఎక్కువ అడుగుతున్నాడు. అందులో స్కూలు వాటా ఎంతో, మెట్రో వాటా ఎంతో వాణ్ణే విడదీసి చెప్పమనండి. 2023 అక్టోబరులో పర్పుల్ లైన్ పూర్తయ్యాక వైట్‌ఫీల్డ్ అద్దెలెలా మారాయో నాకు తెలుసు, అద్దెకుండేది నేనే.

అన్నట్టు డొనేషన్ అడిగితే ఇవ్వకండి. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్. పిల్లకు ఇంటర్వ్యూ పెట్టినా మొదటిసారికి 25,000 దాకా జరిమానా.

సర్జాపూర్ రోడ్డు అమ్మ

మాస్టారూ, ఇంటర్వ్యూ అనరు, ‘ఇంటరాక్షన్’ అంటారు. పిల్లతో పాటు మమ్మల్ని కూడా కూర్చోబెట్టి, ఇంట్లో ఏ భాషలో మాట్లాడతారని అడిగారు.

ఒంగోలు వయా డల్లాస్

అదే ఇంకో బెంగ. తెలుగు ఉన్న స్కూలు దొరుకుతుందా?

కన్నడ అల్లుడు, రాజాజీనగర్

తెలుగు సంగతి ఇంట్లో చూసుకోండి. 2015 చట్టం ప్రకారం సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ స్కూళ్ళలోనూ కన్నడం చెప్పాల్సిందే, 2017-18లో ఒకటో తరగతితో మొదలైంది. భయపడకండి, మన లిపికి తోబుట్టువు. మావాడు అమ్మమ్మకు తెలుగులో ఉత్తరం రాశాడు, అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, తలకట్లు మాత్రం నిలబడకుండా కన్నడంలోలా అడ్డంగా పడుకున్నాయి. ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించుకుంది.

ఏఈసీఎస్ లేఅవుట్ పాతకాపు

తమ్ముడూ, వీళ్ళ మాటలకేం గానీ, అద్దెకు కూడా ఊరికే సంతకం పెట్టకు. ఏప్రిల్‌లో దిగుతావు కదా, సెలవులు అప్పటికే మొదలై ఉంటాయి, రోడ్లన్నీ ఖాళీగా కనిపించి మోసపోతావు. గుంజూరు ఇల్లు జూన్‌లో స్కూళ్ళు తెరిచాక, వర్షం పడ్డ సోమవారం చూడు. ఏడు గంటలకు గేటు దగ్గర నిలబడి, ఏ స్కూలు బస్సు ఎన్నింటికి వస్తుందో, పాణత్తూరు రైల్వే అండర్‌పాస్ దాటడానికి ఎంతసేపు పట్టిందో డ్రైవర్ అన్నను అడుగు.

ఒంగోలు వయా డల్లాస్

మా ఆవిడ ఇదంతా చదివి, వైట్‌ఫీల్డ్ బ్రోకర్‌కి అఫిలియేషన్ నంబరు అడుగుతూ మెసేజ్ పెట్టింది. బ్లూ టిక్కులు పడ్డాయి. రెండు రోజులైంది.